పద్ధతి తెలిసియు పని చెడుట ఏల?

(అధ్యయన పాఠము)

ఒక పనిని తలపెట్టి, దానిని అనుకొన్న గడువులోపల, అనుకొన్న వ్యయముతో ముగించుట ఎట్లు అను విషయమును బోధించు గ్రంథములకు నేడు కొదువ లేదు. కళాశాలలలో దానిని శాస్త్రముగా బోధించుచున్నారు. పరీక్షలు పెట్టి పట్టములిచ్చుచున్నారు. అయినను ప్రభుత్వములు తలపెట్టిన మహానిర్మాణములు మొదలు చిన్న సంఘము కట్టదలచిన విద్యార్థి వసతిగృహము వరకు పనులు గడువు దాటుచునే యున్నవి. అంచనాలు మించుచునే యున్నవి. కొన్ని సగములోనే నిలిచిపోవుచున్నవి. మందు తెలిసియు రోగము కుదురకున్నచో మూడు కారణములు ఉండవచ్చును. మందు మంచిది కాకపోవచ్చును. వైద్యుడు రోగమును పొరపాటుగా నిర్ణయించి యుండవచ్చును. లేదా రోగి తన బాధను ఉన్నదున్నట్లు చెప్పక దాచి యుండవచ్చును. పనుల విషయమున ఈ మూడింటిలో ఏది నిజమో విచారించుటయే ఈ పాఠమునకు ఉద్దేశము.

ఈ విచారణ పెద్ద సంస్థలవారికే గాక మనకును అవసరమైనది. మఠములును సంఘములును పాఠశాలలు, వసతిగృహములు, కల్యాణమండపములు, అన్నదాన సత్రములు కట్టుచుండును. ఆ ద్రవ్యము ఏ ఒక్కరిదియు గాదు. అనేక కుటుంబములు తమ సంపాదనలోనుండి తీసి యిచ్చినది. అట్టి పని సగములో నిలిచిపోయినచో వానకు తడిసి తుప్పు పట్టునది ఇనుము మాత్రమే యని తలపరాదు. మరియొకసారి చందా పుస్తకము పట్టుకొని ఇంటింటికి పోయినప్పుడు, ఇచ్చువారి మనస్సులోని నమ్మకము గూడ అట్లే తుప్పుపట్టి యుండును. వసతిగృహము లేక చదువు మానుకొన్న పిల్లవానికి ఆ సంవత్సరములను తిరిగి ఇచ్చువారెవరు?

1. పద్ధతులు క్రొత్తవి కావు

మొదట మందును పరీక్షింతము. అమెరికా దేశపు ఇంజనీరు హెన్రీ గాంట్ 1910 తరువాతి సంవత్సరములలో ఒక పటమును ప్రచారములోనికి తెచ్చెను. ఒక ప్రక్క పనుల పేర్లు, మరియొక ప్రక్క తేదీలు, ప్రతి పనికిని ఎదురుగా అది పట్టు కాలమును సూచించు అడ్డగీత; ఇదియే ఆ పటము. చూచినంతనే ఏ పని వెనుకబడినదో తెలియును.

1957 ప్రాంతమున అమెరికాలోని డ్యూపాంట్ రసాయన సంస్థవారు మరియొక అడుగు ముందుకు వేసిరి. ఇల్లు కట్టువారికి ఆ పద్ధతి సులభముగా బోధపడును. పునాది లేక గోడ లేవదు. గోడ లేక కప్పు పడదు. కాని గోడలు లేచుచుండగనే వడ్రంగి తలుపులు సిద్ధము చేయవచ్చును. ఇట్లు ఒకదాని తరువాత ఒకటిగా మాత్రమే జరుగవలసిన పనుల గొలుసులలో ఎక్కువ కాలము పట్టునది ఏదో, మొత్తము పనికి అదియే గడువును నిర్ణయించును. ఆ గొలుసులోని పని ఒక్క దినము ఆలస్యమైనచో అంతయు ఒక్క దినము ఆలస్యమగును. 1958లో అమెరికా నౌకాదళమువారు పొలారిస్ క్షిపణి నిర్మాణము కొరకు ఇట్టిదే మరియొక పద్ధతిని రూపొందించిరి. దానిలో ప్రతి పనికిని మూడు అంచనాలు వేయుదురు: అంతయు సవ్యముగా నున్నచో పట్టు కాలము, సాధారణముగా పట్టు కాలము, ఆటంకములు వచ్చినచో పట్టు కాలము.

ఇవియన్నియు మంచి పద్ధతులే. వీనిలోని గణితము నేటికిని తప్పు కాలేదు. కాని ఫలితము చూడుడు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా పనిచేసిన బెంట్ ఫ్లూబ్యేర్ అను పండితుడు అనేక దేశములలో జరిగిన 16,000 పైచిలుకు పనుల వివరములను సేకరించి 2023లో వెలువడిన తన గ్రంథమున ప్రకటించెను. వ్యయమును, గడువును రెండును మీరక ముగిసినవి నూటికి 8.5 మాత్రమే. వ్యయము, గడువు, తలచిన ప్రయోజనము మూడును నెరవేరినవి నూటికి 0.5, అనగా 200 పనులలో ఒకటి. ఈ పనులు చేసినవారిలో గాంట్ పటము ఎరుగనివారు ఎందరుందురు? కావున మందు తెలియకపోవుట కారణము కాదు. పటము ఒక పాత్ర వంటిది. దానిలో మనము పోయు అంకెలు నిజమైనవైననే అది నిజము చెప్పును. ఆ అంకెలు ఎచ్చటనుండి వచ్చుచున్నవో చూడవలసి యున్నది.

2. అంచనా వేయువాని మనస్సు

ఉపాధ్యాయులకు బాగుగా తెలియదగిన ఒక ఉదాహరణమును చెప్పెదను. ఇజ్రాయెలు దేశమున 1970 ప్రాంతములలో, ఉన్నత పాఠశాలల కొరకు ఒక పాఠ్యప్రణాళికను, పాఠ్యపుస్తకమును తయారుచేయుటకు ఒక బృందము ఏర్పడినది. తరువాత 2002లో ఆర్థికశాస్త్రమున నోబెలు బహుమతి నందిన మనశ్శాస్త్రజ్ఞుడు డేనియల్ కానెమన్ అందులో ఒకడు. ఒక సంవత్సరము పని జరిగిన తరువాత ఆయన, పుస్తకము ముగియుటకు ఇంకను ఎంత కాలము పట్టునో ఎవరికి వారు కాగితముపై వ్రాయుడని కోరెను. అందరును ఒకటిన్నర నుండి రెండున్నర సంవత్సరముల లోపల వ్రాసిరి. ఆ బృందములో పాఠ్యప్రణాళికల విషయమున నిపుణుడైన పెద్ద యొకడుండెను. ఇట్టి బృందములు వెనుక ఎట్లు పనిచేసినవో చెప్పుమని ఆయనను అడిగిరి. ఆయన కొంతసేపు ఆలోచించి చెప్పిన సమాధానము ఇది: నూటికి 40 బృందములు అసలు ముగింపలేదు, ముగించినవానికి ఏడు మొదలు పది సంవత్సరములు పట్టినది. మన బృందము వానికంటె మెరుగైనదా అని అడుగగా, కొంచెము తక్కువదే అని ఆయన పలికెను.

గమనింపదగిన సంగతి యేమనగా, ఆ నిపుణుడు గూడ కొద్దిసేపటికి ముందు తన కాగితముపై రెండు సంవత్సరముల వంటి అంకెనే వ్రాసియుండెను. జ్ఞానము ఆయన తలలోనే యున్నది. కాని తన పని అనగానే ఆ జ్ఞానము అక్కరకు రాలేదు. ఇంకను ఆశ్చర్యకరమైనది, సత్యము తెలిసిన తరువాత గూడ ఆ బృందము పనిని మానలేదు, ప్రణాళికను మార్చుకొనలేదు. ఎనిమిది సంవత్సరములకు పుస్తకము ముగిసినది. అప్పటికి విద్యాశాఖవారికి ఉత్సాహము సన్నగిల్లెను. ఆ పుస్తకము బడులలో వాడబడనే లేదు. ఈ మనోదోషమును కానెమన్, ఆయన సహచరుడు ఆమోస్ ట్వర్స్కీ 1979లో వర్ణించిరి. తన పనిని లోపలినుండి చూచువాడు తాను వేయబోవు అడుగులను మాత్రమే లెక్కించును. ఆ దారిన పోయినవారు ఎచ్చట పడిరో లెక్కింపడు. ఇతరుల ఇంటి పెండ్లి ఖర్చును సరిగా చెప్పగలిగినవాడు తన ఇంటి పెండ్లికి వచ్చుసరికి తక్కువ చెప్పును గదా!

3. ముందుగా శంకుస్థాపన, తరువాత ఆలోచన

అంచనా తప్పుటకు అమాయకమైన ఆశ యొక కారణము. రెండవ కారణము అంత అమాయకమైనది కాదు. ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరములోని సంగీత నాటకశాల చిత్రమును పుస్తకములలో చూడనివారు తక్కువ. సముద్రతీరమున తెరచాపలు విప్పినట్లుండు తెల్లని కప్పులు గల భవనమది. డెన్మార్కు దేశపు శిల్పి యోర్న్ ఉట్జన్ చిత్రించిన నమూనా 1957లో పోటీలో గెలిచినది. వ్యయము 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లనియు, 1963 జనవరికి ముగియుననియు చెప్పిరి. అది ముగిసి 1973 అక్టోబరు 20న ప్రారంభమైనది. వ్యయము 10 కోట్ల 20 లక్షల డాలర్లు.

ఇట్లేల జరిగెను? 1959లో పని మొదలుపెట్టునాటికి ఆ కప్పులను ఎట్లు నిలుపవలెనో శిల్పికిగాని ఇంజనీర్లకుగాని తెలియదు. కాని రాష్ట్ర ప్రభుత్వమువారు తొందరపెట్టిరి. ఆలస్యమైనచో ప్రజాభిప్రాయము మారునేమో, నిధులు దొరకవేమో యని వారి భయము. ఒకసారి నేల త్రవ్వినచో ఇక వెనుకకు పోవువారుండరు అను తలంపు దాని వెనుక నున్నది. కప్పుల ఆకృతి 1961లో గాని తేలలేదు. అప్పటికి లేపిన స్తంభములు ఆ బరువును మోయజాలవని తెలిసి, వానిని తీసి మరల కట్టవలసి వచ్చెను. కలహములు ముదిరి ఉట్జన్ 1966లో పనిని విడిచి దేశమునకు వెడలిపోయెను. 2008లో మరణించువరకు ఆయన తాను ఊహించిన ఆ భవనమును పూర్తియైన రూపమున కన్నులార చూడలేదు. 2007లో అది ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చబడినది. దాని అందమును కాదనువారు లేరు. కాని అట్టి అదృష్టము ప్రతి పనికిని పట్టదు. సిడ్నీకి లాటరీల ద్వారా ధనము వచ్చుచుండెను. మన సంఘములకు అట్టి ఊట లేదు.

తక్కువ అంచనా చూపి పని మొదలుపెట్టించుట, మొదలైన తరువాత మధ్యలో మానలేరు గావున మిగిలినది రాబట్టుకొనుట అను ఈ యుక్తి చాలచోట్ల కనబడుచున్నదని ఫ్లూబ్యేర్ వ్రాసెను. మన ఊళ్ళలో గూడ శంకుస్థాపన దినమున మేళతాళములు మ్రోగును, దాతల పేర్లు రాతిపలకపై చెక్కబడును. ఆ తరువాత రెండేండ్లకు, పిల్లర్లపై లేచిన ఇనుప చువ్వలు వంగి తుప్పుపట్టుచుండగా, ఆ రాతిపలక మాత్రము నున్నగా నిలిచియుండును. చువ్వలు వంచిన దినమున, నీటి తొట్టి నింపిన దినమున పండుగ చేయువారు లేరు. మనుష్యుడు దేనికి గౌరవము లభించునో దానినే త్వరపెట్టును.

4. కాదన్నవారిని విడిచి ఔనన్నవారిని వెదకుట

మూడవ కారణమునకు అమెరికాలోని డెన్వరు నగర విమానాశ్రయము సాక్ష్యము. ప్రయాణికుల సంచులను మనుష్యుల సాయము లేక, కంప్యూటర్ల ఆధీనమున నడచు చిన్న బండ్లపై భూగర్భమార్గములలో పంపదలచిరి. విమానాశ్రయమును 1993 అక్టోబరులో తెరువవలెనని నిర్ణయము. భవన నిర్మాణము చాలవరకు సాగిన తరువాత ఈ యంత్రవ్యవస్థ కొరకు సంస్థలను పిలిచిరి. వచ్చిన మూడు సంస్థలలో ఏదియు ఆ గడువునకు ముగింపగలనని చెప్పలేదు. ఇంత చిక్కైన వ్యవస్థ కుదరదని ఒక సలహాసంస్థ 1990లోనే తెలిపియుండెను. జర్మనీలోని మ్యూనిక్ విమానాశ్రయమువారు ఇంతకంటె సులభమైన తమ వ్యవస్థనే తెరచుటకు ముందు ఆరు నెలలు రేయింబవళ్ళు నడిపి పరీక్షించినట్లు చెప్పిరి.

అనగా సత్యము అన్ని దిక్కులనుండియు చెవినిపడినది. అధికారులు ఆ మూడు సంస్థలను విడిచి, సరే యను నాలుగవ సంస్థతో 1992లో ఒడంబడిక చేసికొనిరి. 1994 వసంతమున పత్రికలవారి ఎదుట ప్రదర్శించినప్పుడు సంచులు చినిగి బట్టలు చెల్లాచెదరైనవి. విమానాశ్రయము 16 నెలలు ఆలస్యముగా 1995 ఫిబ్రవరి 28న తెరువబడినది. ఆలస్యమైన ప్రతి దినమునకును పది లక్షల డాలర్లకు పైగా నష్టము. ప్రక్కన మామూలు బండ్ల ఏర్పాటును గూడ క్రొత్తగా చేసికొనవలసి వచ్చెను. ఆ యంత్రవ్యవస్థ ఏనాడును సరిగా నడువక 2005లో విడిచిపెట్టబడెను.

ఇచ్చట గడువు అను అంకె లెక్కవలన వచ్చినది కాదు. ముందు తేదీ నిర్ణయమైనది. తరువాత ఆ తేదీకి ఒప్పుకొను మనిషి కొరకు వెదకిరి. కాలేదని నిజము చెప్పినవాడు పనిని పోగొట్టుకొనెను. తలయూపినవానికి పని దొరికెను. ఇట్టి బేరము ఒక్కసారి జరిగినచో చాలును; తరువాత ఎవరును నిజము చెప్పుటకు సాహసింపరు.

5. క్రిందివాని మాట పైకి చేరకుండుట

పని మధ్యలో గూడ ఇదే జరుగును. 1986 జనవరి 28న అమెరికావారి చాలెంజర్ అంతరిక్షనౌక ఎగిరిన 73 క్షణములకు ముక్కలై ఏడుగురు మరణించిరి. వారిలో క్రిస్టా మెకాలిఫ్ అను బడిపంతులమ్మ యొకతె. ఆకాశమునుండి పిల్లలకు పాఠము చెప్పుటకై ఆమె బయలుదేరెను. దేశమంతట బడులలో పిల్లలు చూచుచుండగనే ఆ ఘోరము జరిగెను.

దానికి కారణము రాకెట్టు భాగముల అతుకులలోని రబ్బరు వలయములు చలికి బిగిసిపోవుట. ముందునాటి రాత్రియే ఆ రాకెట్లు తయారుచేసిన సంస్థలోని ఇంజనీర్లు, సుమారు 12 డిగ్రీల సెంటిగ్రేడు కంటె చల్లగా నున్నచో ఎగురవేయవలదని టెలిఫోను సమావేశమున వాదించిరి. అప్పటికే ప్రయాణము పలుమార్లు వాయిదా పడియుండెను. అంతరిక్షసంస్థ అధికారులు అసంతృప్తి చూపగా, ఆ కంపెనీ పెద్దలు కొంతసేపు విడిగా ఆలోచించి తమ ఇంజనీర్ల మాటను త్రోసిపుచ్చి సమ్మతి తెలిపిరి. ఎగురవేయవలెనని తుది ఆజ్ఞ ఇచ్చిన పెద్దలకు ఈ వాదము జరిగినట్లు తెలియనే లేదని విచారణ సంఘము తేల్చినది. ఆ సంఘములో సభ్యుడైన భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ మరియొక వింతను బయటపెట్టెను. నౌక నష్టమగు అవకాశము ఎంత యని అడిగినప్పుడు ఇంజనీర్లు నూటికి ఒకటి యనిరి. నిర్వాహకులు లక్షకు ఒకటి యనిరి. ఒకే సంస్థ, ఒకే నౌక. మెట్టు మెట్టుకు పైకి పోవుకొలది భయము తగ్గి మెప్పు పెరిగినది.

కంప్యూటరు కార్యక్రమముల నిర్మాణమున గూడ ఇట్టి అనుభవమే కలదు. ఐ.బి.ఎం. సంస్థలో పెద్ద పనిని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ప్రకటించిన గ్రంథమున, ఆలస్యమైన పనికి మనుష్యులను చేర్చినచో అది మరింత ఆలస్యమగునని వ్రాసెను. క్రొత్తవారికి పని నేర్పుటకు పాతవారి కాలమే ఖర్చగును. ఒకరితో నొకరు మాటాడుకొనవలసిన అవసరమును పెరుగును. ఆ పుస్తకము చదువని నిర్వాహకుడు ఆ రంగమున అరుదు. అయినను ఆలస్యము తెలియగానే మనుష్యులను పెంచుట నేటికిని మానలేదు. పైవారికి ఏదో చేసినట్లు చూపవలెను గదా! తెలియుట వేరు, తెలిసినదానిని పైవాని ముఖముననే చెప్పగలుగుట వేరు.

6. పని నెరవేరినచోట ఏమి జరిగినది?

చెడినవానినే చూచుట న్యాయము కాదు. మన దేశముననే రెండు పనులను ప్రక్కప్రక్కన ఉంచి చూతము. కలకత్తా భూగర్భ రైలుమార్గమునకు 1972 డిసెంబరులో శంకుస్థాపన జరిగెను. మొదటి భాగము, సుమారు మూడున్నర కిలోమీటర్లు, 1984 అక్టోబరు 24న నడిచినది. దమ్‌దమ్ నుండి టాలీగంజ్ వరకు గల 16 కిలోమీటర్ల పైచిలుకు మార్గము 1995లో గాని పూర్తి కాలేదు. నిధులు సకాలమున రాలేదు. భూమిలోని నీటి గొట్టములు, తీగలు తొలగించుట కష్టమైనది. న్యాయస్థానముల నిలుపుదల ఉత్తరువులు వచ్చెను. సామగ్రి సరఫరా సక్రమముగా లేదు.

ఢిల్లీ మెట్రో తొలిదశ, సుమారు 65 కిలోమీటర్లు, 1998 అక్టోబరులో మొదలై, 2002 డిసెంబరులో మొదటి భాగము తెరువబడి, పది సంవత్సరములు పట్టునని తలచినది ఏడు సంవత్సరముల పైచిలుకులో ముగిసినది. దానిని నడిపిన ఇ. శ్రీధరన్, కలకత్తా మార్గపు తొలి రూపకల్పనలో గూడ 1970 ప్రాంతములలో పనిచేసినవాడే. మనిషి అతడే, చదివిన ఇంజనీరింగు అదే. భేదము ఏర్పాటులో నున్నది. ఢిల్లీలో ఆ పని కొరకే ఒక ప్రత్యేక సంస్థ ఉండెను. టెండర్ల వంటి విషయములలో నిర్ణయము చేయు అధికారము పని తెలిసినవారి చేతిలోనే ఉండెను. వారము వారము విభాగాధిపతులు కూర్చుండి ఆటంకములను విప్పుకొనిరి. ఇంకను ఎన్ని దినములు మిగిలినవో తెలుపు గడియారములు అందరికిని కనబడునట్లు పెట్టబడినవి. అంకెను దాచుటకు వీలు లేదు.

ఆయనయే 1964 డిసెంబరు తుపానులో కొట్టుకొనిపోయిన పాంబన్ వంతెనను 46 దినములలో బాగుచేసెను. రైలుశాఖ ఇచ్చిన గడువు ఆరు నెలలు. ఆయన పై అధికారి దానిని మూడు నెలలకు తగ్గించెను. గడువు తగ్గినను అచ్చట పని ఏల చెడలేదు? పనిస్థలముననే ఉండి, చూచినదానిని బట్టి అక్కడికక్కడ నిర్ణయించుకొను స్వేచ్ఛ ఆయనకు ఉండెను. సముద్రమున పడిపోయిన గర్డర్లను పైకి తీయించి మరల వాడెను. తెలిసినవానికిని నిర్ణయించువానికిని మధ్య దూరము లేదు.

కొందరు, వరదలు, ధరల పెరుగుదల, న్యాయస్థాన వ్యాజ్యములు ఉండగా మనుష్యుని నిందించుట తగునా యని అడుగుదురు. ఆటంకములు అందరికిని వచ్చును. వచ్చిన ఆటంకమును మొదటివారమున చెప్పినచో వంద రూపాయలతో తీరునది, ఆరవ నెలలో చెప్పినచో పదివేలు కోరును. చెప్పుటకు పట్టిన ఆ ఆరు నెలల ఆలస్యము వరదవలన వచ్చినది కాదు.

7. మన సభలలో

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. మందు మంచిదే, రోగి నిజము చెప్పుటలేదు. చెప్పినను వినువారు లేరు. పటములు, పట్టికలు, లెక్కలు అన్నియు నిజమును అడుగును. నిజము చెప్పినవానికి నష్టమును, తీపిమాట చెప్పినవానికి మెప్పును కలుగుచున్నంతకాలము ఏ పద్ధతియు ఫలింపదు.

మన సభలలో ఈ దోషము మరియొక రూపమున నున్నది. దానిని మనము మర్యాద యందుము. వేదికపై స్వాములవారు వేంచేసియుందురు. పెద్ద దాత ప్రక్కన కూర్చుండియుండును. "వచ్చే ఉగాదికి గృహప్రవేశము చేయవలెను" అని ఒకరనగా, అందరును చేతులు తట్టుదురు. ఆ డబ్బుతో స్లాబు వరకే వచ్చునని వెనుక వరుసలోని మేస్త్రికి తెలుసు. బ్యాంకులో ఎంత యున్నదో కోశాధికారికి తెలుసు. కాని పెద్దల ఎదుట కాదనుట అవినయమని ఇద్దరును మౌనము వహింతురు. ఆ మౌనమునకే తరువాత సంఘమంతయు మూల్యము చెల్లించును. 12వ శతాబ్దిలో కల్యాణమున అల్లమప్రభువు అధ్యక్షతన సాగిన అనుభవ మంటపమున పడవ నడుపు చౌడయ్యయు, బట్టలుతుకు మాచయ్యయు తమ మాట తాము చెప్పిరని మన సంప్రదాయము చెప్పుచున్నది. ఆ మంటపమును కొనియాడు మనము, మన నిర్మాణ సంఘపు సమావేశమున మేస్త్రిని మాటాడనిచ్చుచున్నామా?

కావున ఏదైన నిర్మాణమును తలపెట్టు సంఘములవారు ఈ క్రింది ఏర్పాటులను ఆలోచింపవలెను.

ఒకటి: మన అంచనా వేయుటకు ముందు, పొరుగు ఊళ్ళలో ఇట్టి భవనములు కట్టినవారిని మూడు నాలుగు చోట్ల అడిగి, వారు మొదట ఎంత అనుకొనిరి, చివరకు ఎంతైనది, ఎన్ని ఏండ్లు పట్టినది వ్రాసికొనవలెను. మన లెక్క వారి లెక్కకంటె తక్కువగా నున్నచో, ఏ కారణముచేత తక్కువో చెప్పగలుగవలెను.

రెండు: అంచనాను సభలో నోటితో చెప్పింపక, కార్యవర్గములోని ప్రతివారును పేరు లేని చీటీపై వ్రాసి ఇయ్యవలెను. పెద్దవారి అంకె విన్న తరువాత చిన్నవారి అంకె మారిపోవును.

మూడు: నక్షా పూర్తికాక, మొదటి అంచెకు చాలిన ద్రవ్యము చేతికి రాక, శంకుస్థాపన చేయరాదు. భవనమును అంచెలుగా విభజించి, ప్రతి అంచెయు ముగిసినంతనే వాడుకొనుటకు వీలుగా నుండవలెను. పదిమంది పిల్లలు నిద్రింపదగిన ఒక గది, కప్పుతో తలుపుతో పూర్తియైనచో, అది మూడు అంతస్తుల చువ్వలకంటె మేలు.

నాలుగు: ప్రతి నెల సమావేశమున మొదటి అంశముగా ఆటంకములనే చదువవలెను. ఆ చదువువానిని ఎవరును ఆక్షేపింపరాదు. మేస్త్రియు కోశాధికారియు అందులో తప్పక మాటాడవలెను. జమాఖర్చుల పట్టికను భవనము దగ్గరనే అందరికిని కనబడునట్లు వ్రేలాడదీయవలెను.

ఐదు: ఎంత ఖర్చు దాటినచో పనిని ఆపి మరల ఆలోచింపవలెనో మొదటి దినముననే తీర్మానము పుస్తకములో వ్రాసికొనవలెను. పని మధ్యలో ఆ నిర్ణయము చేయుట ఎవరికిని సాధ్యము కాదు.

అధ్యక్షస్థానమున నుండు పెద్దలు ఒక చిన్న మార్పు చేసినను చాలును. "ఎప్పటికి ముగించెదరు?" అని అడిగినచో తేదీ యొకటి వినవచ్చును. "ఇందులో మీకు సందేహముగా నున్నది ఏది?" అని అడిగి, చెప్పినవానిని మెచ్చుకొని, ఆ మెప్పును నలుగురి ఎదుట పలికినచో, మరుసటి నెలలో వెనుక వరుసలోని మేస్త్రి చేయి పైకి లేచును.

అధ్యయన గోష్ఠులకు ప్రశ్నలు

1. పాఠ్యపుస్తక బృందములోని నిపుణునికి సత్యము తెలిసియు, తన చీటీపై రెండేండ్లని ఏల వ్రాసెను?

2. సిడ్నీలో తొందరగా మొదలుపెట్టుటకును, డెన్వరులో తేదీని ముందే నిర్ణయించుటకును గల పోలిక యేమి?

3. కలకత్తా, ఢిల్లీ పనులకు గల భేదమును మీ ఊరి సంఘపు పనికి అన్వయించి చెప్పుడు.

4. మీ సంఘమున ఇంతవరకు ఆగిపోయిన పని యేదైన ఉన్నచో, అది ఆగునని మొదట ఎవరికి తెలిసినది? వారు ఆ మాటను ఎవరితో చెప్పిరి? ఎన్ని నెలలకు చెప్పిరి?